సందు కేసు

“పులిహోర తెచ్చినావా నేదా, అది సెప్పు ముందు” అన్నాడు అప్పలస్వామి, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో బెంచీ మీద పక్కకు జరిగి చోటిస్తూ.

“ప్రతివాదికి పులిహోర పెట్టాలని ఏ సట్టంలో ఉన్నాది?” అంటూనే జగ్గమ్మ సంచిలోంచి డబ్బా తీసి ఇద్దరి మధ్యా పెట్టింది. ఒకప్పుడు ఆ సంచినిండా కేసు కాగితాలుండేవి. ఇప్పుడు పులిహోర, మంచినీళ్ల సీసా, మోకాలికి రాసుకునే తైలం.

ఆవిడ వాది. ఆయన మరిది, కాబట్టి ప్రతివాది. నరసన్నపేట అవతల వాళ్ల ఊళ్లో రెండిళ్ల మధ్యా ఎద్దుబండి కూడా పట్టని సందొకటుంది. అదెవరిదన్న తగువు మునసబు కోర్టులో పుట్టి, జిల్లా కోర్టులో పెరిగి, హైకోర్టుకు కాపరానికెళ్లింది. హైకోర్టు హైదరాబాదులో ఉన్నన్నాళ్లూ అక్కడికీ, అమరావతికి తరలివచ్చాక అమరావతికీ వదినా మరుదులు దాని వెంటే తిరిగారు.

“జడ్జీలొస్తారు, పోతారు. ఆ కోర్టుని నిలబెట్టినోల్లం మనవే వదినా” అన్నాడు అప్పలస్వామి, నోటినిండా పులిహోరతో.

“మరి గోడమీద మన పటాలు కట్టలేదేటి?”

“పోయాక కడతారు. తొందరేటి?”

జగ్గమ్మ నవ్వింది. ఊళ్లో అయితే నవ్వడానికి వీల్లేదు. ఆవిడ భర్త నరసింగరావు పోయేముందు చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. “ఊర్లో ఆడితో మాటాడినావంటే నామీద ఒట్టే” అని. ఆ ఒట్టు ఆవిడ ఒక్కనాడూ తప్పలేదు. అయితే ఆయన ‘ఊర్లో’ అన్నాడు. రైలు ఊరు కాదు. ఈ తీర్పు చెప్పడానికి జగ్గమ్మకు ఏ జడ్జీ అక్కర్లేకపోయింది. పైగా మొగుడు పోయిన ఆడది మరిదితో సినిమాకెళ్తే ఊరు నెల్లాళ్లు చెప్పుకుంటుంది. కోర్టుకెళ్తే జాలిపడుతుంది.

మామూలు రోజుల్లో ఆవిడ సరిగా వండుకోదు. పిల్లాజెల్లా లేని ఒక్క మనిషికి పొయ్యెందుకని పొద్దుటి గంజే రాత్రికీ సర్దుకుంటుంది. భార్య గౌరి పోయాక అప్పలస్వామి తనే మాడబెట్టుకునే కూర వాసన సందు దాటి వస్తుంది. ‘మంట తగ్గించరా’ అని నోటిదాకా వచ్చిన మాటను మింగేస్తుంది. దీపాలవేళకు సందు అవతల ఆయన దగ్గు వినిపించాలి. వినిపించకపోతే, కావాలని ఇత్తడి చెంబు గచ్చు మీద పడేస్తుంది. అవతల గొంతు సవరింపు వినపడ్డాకే తలుపు గడియ వేసుకుంటుంది.

మర్నాడు హైకోర్టు ఎదురుగా టీ బడ్డీ దగ్గర వదినను కూర్చోబెట్టి, అప్పలస్వామి గేటుదాకా వెళ్లొచ్చాడు.

“ఏటైనాది?”

“మళ్లీ వాయిదా.”

“ఈ జడ్జీలకి మనవంటే లెక్కనేదు” అని నిట్టూర్చి, జగ్గమ్మ ఇంకో బిస్కెట్టు తెప్పించుకుంది.

అప్పుడే వచ్చింది శ్రావణి, జగ్గమ్మ ప్లీడరుగారి జూనియరు. విజయనగరం పిల్ల. నల్లకోటు చేతిమీద వేసుకుని పోతున్నదల్లా వీళ్లను చూసి ఆగిపోయింది.

“మామ్మా! మళ్లీ వచ్చేశారా? రానక్కర్లేదని ఇద్దరినీ నిలబెట్టి చెప్పాను కదా!”

“సెప్పినావమ్మా, నువ్వు సెప్పలేదని ఎవులన్నారు? ముందు టీ తాగు.”

శ్రావణి ఇంకేదో అనబోయింది. ఒకే డబ్బాలో చేతులు పెట్టి తింటున్న వాదినీ ప్రతివాదినీ చూసి, ఆ మాట మానేసి టీ తాగింది.

“వచ్చే నెల కోర్టుకు వేసవి సెలవులు. అప్పుడైనా ఇంటిపట్టున ఉండండి” అని లేచింది.

“సెలవులా?” అన్నారు ఇద్దరూ ఒక్కసారే, సెలవులంటే బడిపిల్లలు పెట్టే మొహాలకు పూర్తిగా తిరగేసిన మొహాలతో.

తిరుగు రైల్లో విజయనగరం దాటేదాకా సందు మీద హాయిగా పోట్లాడుకున్నారు. చీపురుపల్లిలో అప్పలస్వామి తాటిముంజలు కొన్నాడు. ఆ తర్వాత చెరో కిటికీ పట్టుకున్నారు. ఇంక మిగిలిన దారి కొంచెమే.

జగ్గమ్మ మోకాలికి తైలం రాసుకుంటుంటే ఆయన చూశాడు.

“బాగా వాసిపోయినాది వదినా. ఈ తిరుగుడు ఇంక నీవల్ల కాదు. సందు నువ్వే తీసుకో. ఊర్లో పెద్దోల్లకి అయిపోయినాదని సెప్పెద్దుం.”

జగ్గమ్మ చెయ్యి ఆగిపోయింది.

“అయిపోతే ఊర్లో నేనేటి సెయ్యాల? సెంబు పడేసుకుంటూ కూకోవాలా?”

“అంటే ఆ సెంబు... నువ్వు కావాలనే పడేత్తన్నావా?”

“నువ్వు దగ్గకపోతే మరేటి సెయ్యమంతావు?”

అప్పలస్వామి తల కిటికీ బయటికి తిప్పుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“సెలవులైన ఎంటనే వాయిదా ఉంతాది. మోకాలు సూపించుకో.”

“సూపించుకుంతాను. సందు మాత్రం నాది.”

“నాది.”

“అయితే కోర్టులోనే తేల్చుకుందుం.”

“తేల్చుకుందుం.”

శ్రీకాకుళం రోడ్డులో దిగి, రెండు ఆటోలు మాట్లాడుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఎక్కారు.

హైకోర్టు ఆ కేసు కొట్టేసి మూడేళ్లయింది.