భద్రయ్య కారుకు డిస్కు బ్రేకులు

"జనగామ నుంచి భూపాలపల్లి దాక దేవులాడు, నా కారు అసొంటిది ఇంకోటి దొరకది. చప్పుడు లేదు, పొగ లేదు. పదేండ్లల ఒక్కనాడన్న నడిరోడ్డు మీద ఆగిందా?" అన్నాడు భద్రయ్య మీసం దువ్వుకుంటూ.

"ఆగకపోవుడే కద బాధ," అంది అతని భార్య సరోజన. "ఆగితే చిన్నోని కాలు గిట్ల ఎందుకైతుండె?"

భద్రయ్య చెయ్యి మీసం మీంచి దిగింది. సరోజన చిన్నోడి కాలికి పసుపూ వేపాకూ నూరిన ముద్ద కట్టి అప్పుడే లేచింది.

ఎనభై అయిదు నాటి మాట. ఆ పాత నల్ల కారు ఒక దొరగారి కొట్టంలో తుప్పు పడుతుంటే అంతకు పదేళ్ల ముందు భద్రయ్య కొన్నాడు. రేగొండ చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా బరాత్‌కు అదే కారు. పెళ్లికూతురూ పెళ్లికొడుకూ వెనక సీట్లో, భద్రయ్య స్టీరింగ్ దగ్గర, కారుకు ముందు పెద్దోడూ చిన్నోడూ. వాళ్లిద్దరూ నడవందే బరాత్ కదలదని ఊరందరికీ తెలుసు. సరోజనకు కడుపున పుట్టిన పిల్లలు లేరు. పెద్దోణ్ణీ చిన్నోణ్ణీ చేత్తో తినిపించి పెంచుకుంది.

మొన్నటి బరాత్‌లో వాగు దాటేటప్పుడు బ్రేకు డ్రమ్ముల్లోకి నీళ్లు పోయాయి. తర్వాతి దిగుడులో భద్రయ్య ఎంత తొక్కినా బ్రేకు పట్టలేదు. బంపర్ వెళ్లి చిన్నోడి కాలికి తగిలింది. ఎముక విరగలేదు గాని తోలు లేచిపోయింది.

"ఇరిగితే వాని బతుకేం కావాలె?" అంది సరోజన. "ఇగ నా పిల్లలను ఆ కారు ముందట నడవనియ్య. దాన్ని పాత సామాన్లోనికి అమ్ముకో."

"గట్లంటే ఎట్లనే? పదిహేను దినాలల బాబామియా బిడ్డ జమీలా పెండ్లి. బరాత్‌కు తెస్తనని మాటిచ్చిన."

"మాట నువ్విచ్చినవు. కాళ్లు వాళ్లయి."

భద్రయ్య లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని బాబామియా షెడ్డుకు పోయాడు. బాబామియా రేగొండలో లారీల మెకానిక్. సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు.

"పరేషాన్ గాకన్నా. ముందటి చక్రాల డ్రమ్ములు పీకేసి డిస్కులు పెడ్త. హైదరాబాద్‌ల ఒక ఫారిన్ కారు తుక్కుకొచ్చిందట."

"డిస్కంటే ఏంది?"

"చక్రంతోటి ఒక ఇనుప పళ్లెం తిరుగుతది. నువ్వు తొక్కంగనే దాన్ని పటకార పట్టినట్టు రెండు దిక్కుల పడతది. బయటనే ఉంటది గద, నీళ్లు నిలువయి."

సామాను వచ్చింది. పాత చక్రానికి కొత్త పళ్లెం కుదరలేదు. బాబామియా వరంగల్ పోయి లేత్ మీద రింగు కోయించుకొచ్చాడు. బ్రేకు గొట్టాలు చూడటానికి బానెట్ ఎత్తి, లోపలికి తొంగి చూసి, నవ్వుకుని దించేశాడు.

"ఇంజనుతోని నాకేం పని లేదన్నా."

"దానికీ నీతోని పని లేదు. మంచిగ నడుస్తాంది," అన్నాడు భద్రయ్య.

"ఒక్కటి యాదికుంచుకో. గట్టిగ తొక్కాలె. పెద్ద కార్లల సగం బలం ఇంజనే ఇస్తది. నీకు నీ కాలే దిక్కు."

పెళ్లికి ముందురోజు సాయంత్రం పరీక్ష పెట్టారు. షరతు సరోజనది. కారును వాగులో తడిపి తేవాలి. దిగుడు అదే కావాలి. తాను పక్కనుండి చూడాలి.

తడిసిన కారు దిగుడు మీదికి వచ్చింది. ముందు పెద్దోడూ చిన్నోడూ. చిన్నోడు ఇంకా కొంచెం కుంటుతున్నాడు. బాబామియా గబగబా వెళ్లి బంపర్‌కూ చిన్నోడికీ మధ్య నడవసాగాడు.

"నువ్వెందుకయ్యా నడుమ?" అంది సరోజన.

"ఆగకపోతే ముందుగాల నాకే తాకాలె వదినా. రేపు నా బిడ్డ కూసునేది గిండ్లనే."

"బిడ్డ పెండ్లి పెట్టుకోని ఏం పిచ్చయ్యా నీకు? పక్కకు జరుగు."

అతను జరగలేదు. దిగుడులో కారు వేగం అందుకుంది. సరోజన కొంగుతో కళ్లు మూసుకుంది. భద్రయ్య సీట్లోంచి సగం లేచి బ్రేకు మీద నిలబడ్డాడు. కిర్రుమంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"ఏమైంది?" అంది సరోజన కొంగు తీయకుండానే.

"కండ్లు తెరువు వదినా. నా లుంగీకి గూడ తాకలే."

బంపర్‌కూ అతని మోకాలికీ నడుమ జానెడు సందుంది. భద్రయ్య కిందికి దిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూసినవానె? పదేండ్లల గిదే మొదలు, నా కారు నేను ఆగుమన్న కాడ ఆగుడు."

"ఇన్నేండ్లు దేవుడు ఆపిండన్నమాట," అంది సరోజన. అని, కొంగుతోనే కళ్లు తుడుచుకుంది.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు బరాత్ కదిలింది. పెద్దోడికీ చిన్నోడికీ మెడలో బంతిపూల దండలు, వీపు మీద కొత్త తువ్వాళ్లు. వెనక సీట్లో పూల ముసుగు కింద జమీలా. సరోజన చిన్నోడి భుజం మీద చెయ్యి వేసి వెంట నడిచింది. దిగుడు సగంలో భద్రయ్య బ్రేకు తొక్కాడు. కారు మెత్తగా ఆగింది. సరోజన అప్పుడు నిమ్మళంగా చెయ్యి తీసేసి, పాటలు పాడే ఆడవాళ్లలో కలిసిపోయింది. చిన్నోడు తల తిప్పి ఆమె వైపు చూసి నవ్వాడు.

చెప్పిందంతా నిజమే, ఆ నవ్వొక్కటే నా కల్పన.

కారును లాగే ఎడ్లు నవ్వవు.