తెగని కత్తులు

"ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా కత్తి మీ ఇంట్లో ఇప్పటికే ఒకటి ఉందా?"

వరసలో ముందున్న పెద్దమనిషి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అయ్యో, ఒక్కటీ లేదమ్మా!"

ఆ పెద్దమనిషి ముందుగదిలో అద్దాల బీరువా ఉందనీ, అందులో తన భర్త చేసిన కత్తులు మూడు మఖమలు గుడ్డ మీద పడుకుని ఉన్నాయనీ ఆవిడకు తెలుసు. మురిసిపోయి ఫొటోలు పంపింది ఆయనే.

అయినా చీటీ ఇచ్చేసింది.

పోట్లాడాలంటే ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి. భర్త పోయిన దగ్గర్నుంచి ఆవిడ ఒంట్లో దూది తప్ప మరేమీ ఉన్నట్టు లేదు.

చేసే మనిషి వెళ్లిపోయాడు. చేసినవి తొమ్మిది మిగిలాయి. కొలిమి గదిలో బల్ల మీద వాటిని పేర్చింది. ఇలాంటివి పోగేసేవాళ్లు వీధి మలుపు దాకా నిలబడ్డారు.

ఎలా అమ్మాలన్నదే పెద్ద చిక్కయింది.

ముందొచ్చినవాళ్లకు ముందు అంటే వాకిట్లోనే పక్కలు పరుస్తారు. ఫోన్లో అంటే వేళ్లు చురుకైనవాడిదే రాజ్యం. వేలం మాటను భర్త బతికుండగా గడప తొక్కనివ్వలేదు. "జేబు బరువు చూసి ఇస్తే కూర తరుక్కునేవాడికి ఎప్పుడు చేరుతుందే?" అనేవాడు.

అందుకే చీటీలు. షరతు ఒక్కటే: ఇంట్లో ఆయన కత్తి ఉన్నవాళ్లు లేనివాళ్లకు దారివ్వాలి.

ఎవరూ ఆయన కత్తుల వైపు వేలెత్తి చూపకుండా అమ్మాలి. ఇక ఆయనకు తను చేయగలిగింది అదే.

"నా పేరున ఒకటి, మా ఆవిడ పేరున ఒకటి రాయనా?" అడిగాడు తర్వాతివాడు.

"మీ ఆవిడ వచ్చిందా?" అంది చీటీల గిన్నె పట్టుకుని కూర్చున్న ఆడపడుచు.

"ఆవిడకు కత్తులంటే భయమండీ."

"మీ చేతిలో చూస్తే ఎవరికైనా భయమే. ఒకటే రాయండి."

అతను పక్కకు వెళ్లగానే ఆడపడుచు ఆవిడ చెవిలో గొణిగింది. "వదినా, ఊళ్లో మన కత్తి ఉన్న ఇల్లే లేదట! అన్నయ్య ఇన్నేళ్లూ చేసినవి ఎలకలు ఎత్తుకుపోయాయి కాబోలు."

నవ్వు రావలసిన చోటు. రాలేదు. "ఊఁ," అంది ఆవిడ.

తర్వాత వచ్చిన మనిషిని వాళ్లిద్దరూ ఎన్నడూ చూడలేదు. వెలిసిపోయిన చొక్కా, చంకలో గొడుగు.

"మా కత్తి ఉందాండీ మీ ఇంట్లో?"

"ఉన్నాయండీ," అన్నాడు. "చాలానే ఉన్నాయి."

వరస వరసంతా తలలు తిప్పి చూసింది. నిజం చెప్పే మనిషి తగలడం పొద్దుట్నుంచి అదే మొదలు.

"మరి ఇంకోటి ఎందుకండీ?"

ఆయన నసిగాడు. "అవేవీ తెగవమ్మా. తెగేది ఒక్కటి దొరుకుతుందేమోనని..."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆడపడుచు గిన్నెను ఠంగుమని బల్ల మీద పెట్టింది.

"మా అన్నయ్య కత్తి తెగదా? మీరు మొద్దు వైపుతో గానీ తరుగుతున్నారా?"

"తప్పుగా అనుకోకమ్మా. చెయ్యి తిరిగాక చేసినవి అద్భుతంగా ఉంటాయని విన్నాను. మనిషి పోయారని తెలిశాక, ఒక్కటి చూడాలనిపించింది."

"ఇది మ్యూజియం కాదు."

ఆవిడకు కోపం రావాలి. పోనీ, జాలైనా రావాలి. రెండూ గోడకవతల ఎవరింట్లోనో జరుగుతున్నట్టుంది. నోరు మాత్రం పొద్దుట్నుంచి అలవాటైన మాటను అనేసింది.

"ఉన్నవాళ్లు పక్కకు తప్పుకోవాలండీ. అందరికీ ఒకటే న్యాయం."

ఆయన బల్ల మీది కత్తుల్ని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మెల్లగా చూశాడు.

"న్యాయమేనమ్మా," అని, గొడుగు విప్పుకుని ఎండలోకి నడిచాడు.

చీటీలు తీశారు. మొదటిది అద్దాల బీరువా పెద్దమనిషికే తగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ కత్తిని కాగితంలో చుట్టి ఇచ్చింది. మిగతావీ చుట్టింది. బల్ల ఖాళీ అయింది.

జనం పలచబడ్డాక ఇనుప సామాన్ల కొట్టాయన వగరుస్తూ వచ్చాడు. ఆవిడ భర్త కత్తుల్ని కొత్తలో అమ్మిపెట్టింది ఆయనే.

"గొడుగాయన దార్లో ఎదురయ్యాడు, వట్టి చేతుల్తో. ఇవ్వలేదేంటమ్మా?"

ఆడపడుచు అందుకుంది. "మన కత్తులు తెగవన్నాడు బాబాయ్! ఇంట్లో బోలెడున్నాయట, ఒక్కటీ పనికిరాదట!"

"తెగవు మరి," అన్నాడు కొట్టాయన స్టూలు మీద కూలబడుతూ. "అవి మీ అన్నయ్య మొదట్లో చేసినవి. పదును నిలిచేది కాదు, పిడి ఊడి చేతికొచ్చేది. ఆయన కొంటుంటే ఇవెందుకయ్యా నీకు అని నేనే అడిగాను."

"ఏమన్నారు?" ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది.

"ఇవాళ్టిది తెగకపోతే రేపటిది తెగుతుందిలే, చేసేవాడు మానెయ్యకుండా ఉండాలి కదా అన్నాడు."

"ఎక్కడుంటారాయన?"

"ఎప్పుడూ అడగలేదమ్మా. ఇందాకే బస్సెక్కేశాడు."

ఆవిడ ఖాళీ బల్ల వైపు చూసింది.

"మొదట్లోనే మీ కొట్లో జనం ఎగబడి కొన్నారని చెప్పేవారు మా ఆయన. పెట్టినవి పెట్టినట్టే అయిపోయేవట. ఆ ధైర్యంతోనే ఉద్యోగం మానేసి ఈ కొలిమి పెట్టారు."

కొట్టాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడని జనమని నేనే చెప్పానమ్మా, ఆ జనమంతా గొడుగాయన ఒక్కడే."