కుంటి దెయ్యం, కాసులపేరు

తెర మీద కుంటి దెయ్యం కెవ్వున అరిచింది. డేరాలో జనమంతా కళ్లూ చెవులూ గట్టిగా మూసుకున్నారు. తెరిచేసరికి మునసబు గారి భార్య సుబ్బరావమ్మ మెడలో కాసులపేరు లేదు.

“నా కాసులపేరో!” అని ఆవిడ వేసిన కేక ముందు దెయ్యం అరుపు చిన్నబోయింది.

పొదిలి పొలిమేరలో టూరింగు టాకీసు దిగి ఎన్నాళ్లో కాలేదు. ఆడుతున్న బొమ్మలో, భూస్వామి చేతిలో చచ్చిన కుంటి పాలేరు దెయ్యమై తిరిగొస్తాడు. కాలీడ్చుకుంటూ ఒక్కొక్కరినే పట్టుకుని పగ తీర్చుకుంటాడు. అది చూసిన ఆడవాళ్లు పట్టపగలు కూడా వెనక్కి తిరిగి చూసుకుంటున్నారు.

ఆపరేటరు బొమ్మ ఆపి దీపాలు వేశాడు. హెడ్డు కానిస్టేబులు యలమందయ్య గేటు మూయించాడు. అతను నోరు తెరవకముందే జనం వేళ్లన్నీ ఒకడి వైపు తిరిగాయి. వాడు డేరాలో సోడాలమ్మే బుల్లయ్య. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమ కాలు చచ్చుబడిపోయింది.

“వీడేనండీ! సరిగ్గా దెయ్యం అరిచే టయానికి కాలీడ్చుకుంటా ఆడోళ్ల ముందుకొచ్చాడు. తెరలోంచి దిగొచ్చిందనుకుని నా పై ప్రాణాలు పైనే పోయినయ్,” అంది ఒకామె.

“ఆడోళ్ల వైపు నీకేం పనిరా?” అన్నాడు యలమందయ్య.

“సోడా అడిగారండీ.”

“ఎవరు?”

“చీకట్లో మొహం కనపళ్లేదండీ.”

యలమందయ్య అతని చెంప చెళ్లుమనిపించాడు. బుల్లయ్య ఊరుకునే రకం కాదు. డేరా అదిరేట్టు గొంతెత్తాడు.

“అసలీ బొమ్మలు తీసేవాళ్లననాల! దెయ్యమంటే కుంటోడు, హంతకుడంటే ఒంటికన్నోడు, కొంపలు కూల్చేదంటే గూనిది! హీరోకి మాత్రం జన్మలో కాలు బెణకదు. అయినా ఆ కుంటోడు గొంతులు పిసికాడే గానీ గొలుసులు కొట్టేయలేదు గదండీ!”

జనం గొల్లుమన్నారు. యలమందయ్యకి ఒళ్లు మండింది. బుల్లయ్య చొక్కా విప్పించాడు. సోడాల పెట్టె బోర్లించాడు. చేతికర్ర డొల్లగా ఉందేమోనని చీల్పించాడు. చివరికి చచ్చుబడిన కాలికి చుట్టుకున్న గుడ్డ కూడా లాగించాడు. అప్పుడు మాత్రం బుల్లయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా గొంతు తగ్గలేదు. జనమంతా చుట్టూ మూగి ఆ కాలికేసి వింతగా చూశారు. ఏమీ దొరకలేదు.

తర్వాత ఆడవాళ్ల కొంగులు దులిపించారు. సుబ్బరావమ్మ వెనకాల విసనకర్ర పట్టుకుని ఆవిడ అక్క కూతురు చెంచమ్మ నిలబడి ఉంది. పుట్టుచెవుడు, మాట రాదు. తల్లి పోయాక పిన్ని పంచన చేరి, మిరపకాయల తొడాలు తీస్తూ, ఇంటి చాకిరీ చేస్తూ పెరిగింది.

యలమందయ్య అటు తిరగ్గానే సుబ్బరావమ్మ కసిరింది.

“దాన్నేం చూస్తావయ్యా? దానికి దెయ్యం అరుపే వినపళ్లేదు, ఇంక దొంగ అలికిడేం వినపడుద్ది? నోరూ వాయీ లేని పిల్ల. జాలిపడి నేను సాకుతున్నా.”

యలమందయ్యకీ జాలేసింది. పాపం అనుకుంటూ ఆ పిల్లని పక్కకి పంపేశాడు.

కాసులపేరు దొరకలేదు. బుల్లయ్యని స్టేషనుకి తీసుకెళ్లి, సాక్ష్యం లేక మర్నాడు పొద్దున్నే వదిలేశారు. మళ్లీ ఊళ్లో కనపడితే రెండో కాలు కూడా విరగ్గొడతామన్నారు. అతను బుద్ధిగా ఒంగోలు బస్సెక్కాడు.

బస్సు ఊరు దాటింది.

“నన్ను సోదా చేసినంతసేపూ నీ కొప్పు వంక ఒక్కడైనా చూశాడా?” అని బుల్లయ్య పక్కసీటు వైపు తిరిగి వేళ్లతో సైగ చేసి అడిగాడు.

చెంచమ్మ నవ్వుతూ కొప్పు విప్పింది. తనకి పెళ్లీడొచ్చాక ఇమ్మని కన్నతల్లి పోతూ పోతూ చెల్లెలి చేతిలో పెట్టిన కాసులపేరు తీసి మెడలో వేసుకుంది.