అమ్మ కోసం మందు

కంప్యూటర్ తెర మీద మందు అణువు ప్రోటీన్ గుంతలో సరిగ్గా కూర్చుంది.

ఆమె ఊపిరి బిగబట్టి, మెదడును తినేసే ఆ ప్రోటీన్ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా సందు లేదు.

ఇన్నాళ్ళూ ఎన్ని అణువులని! కంప్యూటర్లో ఒద్దికగా ఒదిగినవి జీవకణాల దగ్గరికి వెళ్ళేసరికి చతికిలబడేవి. అక్కడ గట్టెక్కినవి మెదడు గడప దాటలేకపోయేవి. తోటివాళ్ళు ఒక్కొక్కరే విసిగి వేరే జబ్బుల మీదికి మళ్ళారు. అల్జీమర్స్ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అమ్మ తనను పూర్తిగా మరిచిపోయేలోపు మందు దొరకాలి. ఆమెకు అంతకుమించి కోరిక లేదు.

ఆఫీసువాళ్ళు మంచివాళ్ళు. ఇంటి నుంచే పనిచేసుకోమన్నారు.

వంటింట్లోంచి మాడువాసన వచ్చింది. పరుగెత్తింది. అమ్మ అప్పటికే స్టవ్ కట్టేసి, నల్లబడ్డ పాలగిన్నె వైపు చూస్తోంది.

"మళ్ళీ పెట్టి మర్చిపోయావా అమ్మా? ఇల్లు తగలబడితే?"

"నేనే పెట్టుంటాలే. ఇంతకీ నువ్వెవరమ్మా?"

"నీ కూతుర్ని."

"నాకింత పెద్ద కూతురా! మరి నా వయసెంత?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని మాత్ర చేతిలో పెట్టింది. అమ్మ మూతి బిగించింది.

"నువ్వొకటి వేసుకో. అప్పుడే మింగుతా."

"నాకెందుకమ్మా ఇవి?"

"చేదు మింగడానికి నేనొక్కదాన్నే దొరికానా?"

రోజూ ఇదే పేచీ. పసిపిల్లలా మారాం చేసే మనిషితో ఏం వాదిస్తాం? ఆమె మింగింది. అమ్మ నోరు తెరిపించి చూసి మరీ తన మాత్ర వేసుకుంది. తర్వాత తెర దగ్గరికి వచ్చింది.

"ఏంటది, చిక్కుపడ్డ ఊలుదారంలా?"

"అది జబ్బు. ఇదిగో, ఈ చిన్నది మందు. ఇది అక్కడ ఇరుక్కుంటే చిక్కు ఇంక బిగుసుకోదు."

"అయితే మనం ఒకరినొకరం మర్చిపోమన్నమాట."

"మర్చిపోవమ్మా."

ల్యాబ్‌లో అణువులను తయారుచేసే శాస్త్రవేత్తకు ఫోన్ చేసింది.

"దొరికిందండీ! ఈసారి ఖాయం. వివరాలు పంపాను, వెంటనే తయారుచేయించండి."



"చూశానండీ. అమ్మగారికి ఒకసారి ఇస్తారా?"

"ఆవిడకా? ఏదో ఒకటి మాట్లాడుతుంది, ఏమీ అనుకోకండి."

ఫోన్ అమ్మకిచ్చి, మళ్ళీ తెర ముందు కూర్చుంది. ఆ అణువును ఎంతసేపు చూసినా తనివి తీరడం లేదు.

అమ్మ పెరట్లోకి వెళ్ళింది. అవతలి మనిషి చెప్పిందంతా విని, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది.

"మళ్ళీ ఆ పనికిరాని అణువే అయితే అయింది గానీ, తయారుచేస్తున్నామనే చెప్పు నాయనా, జబ్బు తనకే వచ్చిందని తెలిసినప్పుడు అన్నం మానేసిన పిల్ల, అది నాకొచ్చిందనుకున్నాకే లేచి కూర్చుంటోంది."