బాదామి పడదు

“వాడికి పడనిది ఏదైనా తిన్నాడా?” డాక్టరు మూడోసారి అడిగాడు.

“లేదు సార్. బాదామి పడదని వాళ్లమ్మ చెప్పింది. దాన్ని తాకనే లేదు వాడు,” అంది అక్కయమ్మ. ఆ మాట దగ్గర ఆమె గొంతు తడబడలేదు.

డాక్టరు తల పంకించి లోపలికి వెళ్లిపోయాడు. తలుపు అవతల అమోఘ్ ఉన్నాడు. ఆరేళ్లవాడు. పెదాలూ కళ్లూ వాచిపోయి గుర్తుపట్టలేకుండా ఉన్నాడు. ఊపిరి కోసం గొట్టం వేశారు. బంగారుపేటలోని ఈ చిన్న ఆస్పత్రిలో అంతకు మించి చేయడానికి ఏమీ లేదట. కోలారుకు తీసుకుపోవడానికి అంబులెన్సుకు ఫోను చేశారు. అది ఇంకా రాలేదు.

అక్కయమ్మకు వాడు తమ్ముడి కొడుకు. తమ్ముడు శశికుమార్, మరదలు వీణ బెంగళూరులో ఉద్యోగాలు చేస్తారు. ఇద్దరికీ ఒకేసారి ఊరు దాటాల్సిన పని పడింది. పది రోజులు. పిల్లవాణ్ణి టేకల్లో మేనత్త దగ్గర వదలడానికి వీణకు మనసొప్పలేదు. పల్లెటూళ్లో ఎవరేం పెడతారో అని భయం. అక్కయమ్మే బతిమాలుకుంది. పిల్లలు లేని మనిషి. ఈ పది రోజులు సవ్యంగా గడిస్తే ప్రతి ఎండాకాలమూ వాణ్ణి పంపిస్తారని ఆశ.

వీణ పెట్టిన షరతులు రెండే. బస్సు మెట్టు మీద నిలబడి మళ్లీ చెప్పింది.

“వదినా, అంగడి చాక్లెట్లు వద్దు, వాని పళ్లన్నీ పుచ్చిపోయినాయి. ఇంగ బాదామి మాత్రం చిన్న ముక్క కూడా పోకూడదు. పోయిన తూరి ఎవురో పెడితే మొగమంతా వాచిపోయింది. పొరపాటున తింటే వెంటనే ఈ మందు తాపించి ఆస్పత్రికి పరిగెత్తు.”

వీణది పుట్టుకతో బెంగళూరే. తెలుగు మాట్లాడుతుంది గానీ తిండి పేర్లన్నీ నోటికి కన్నడంలోనే వస్తాయి. అక్కయమ్మకు అదేం ఇబ్బంది కాదు. కోలారు జిల్లాలో పుట్టినవాళ్లకు కన్నడం కొత్తా?

పైగా అక్కయమ్మ ఏ పని చేసినా చెప్పింది చెప్పినట్టే, అక్షరం పొల్లుపోదు. అలాంటి మనిషికి పిల్లవాణ్ణి అప్పగిస్తే భయమెందుకు చెప్పండి? బస్సు కదిలిన గంటలో ఇంట్లో బాదామి అనేది లేకుండా చేసింది.

“రెండు అటక మీద పెట్టుకుంటే ఏమవుతాది?” అని మొగుడు హనుమప్ప గొణిగాడు.

“వాని కంట పడితే? వద్దంటే వద్దు.”

“నువ్వు పట్టుకుంటే ఉడుంపట్టే,” అన్నాడతను.

చిక్కంతా చాక్లెట్ల దగ్గర వచ్చింది. అవి కావాలని అమోఘ్ రెండు పూటలు అన్నం ముట్టలేదు. పక్కింటి టీచరమ్మ మంగళ ఒక ఉపాయం చెప్పింది. పండ్లు రుబ్బి ఇంట్లోనే ఐసు చేసి పెట్టు, చక్కెర లేదు, రంగు లేదు, పిల్లలు చాక్లెట్టు మాటే మరిచిపోతారని.

మొదట కర్బూజ రుబ్బి స్టీలు లోటాల్లో పోసి, చెంచాలు గుచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. రాయిలా గడ్డకట్టింది. వాడు ఒకసారి నాకి పక్కన పెట్టేశాడు. మర్నాడు సపోటాతో చేస్తే నల్లబడింది.

“షాపుది మెత్తగుంటాది అత్తా. ఇది కొరకను రాదు,” అన్నాడు.

ఆమెకు పంతం వచ్చింది. కరెంటు పోతే అంతా కరిగేది. మళ్లీ పోసి మళ్లీ పెట్టేది. వాడు అంగడి ముందు నిలబడి ఏడుస్తుంటే ఈమె ఇంట్లో రుబ్బురోలు ముందు కూర్చుని ఏడ్చేది. నాలుగో రోజు మామిడితో చేసింది. ఈసారి వెన్నలా వచ్చింది. వాడు లోటా ఖాళీ చేసి అడుగు కూడా నాకాడు.

“షాపుదానికన్నా బాగుండాది అత్తా. ఇంగోటి ఇయ్యి.”

అక్కయమ్మ కళ్లు తుడుచుకుంది. అంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు. పరుగున పోయి రెండోది తెచ్చింది.

పావుగంటకు వాడు గొంతు గోక్కోవడం మొదలుపెట్టాడు. ఒంటినిండా దద్దుర్లు లేచాయి. పెదవి లావెక్కింది. హనుమప్ప గూట్లోంచి మందు సీసా తీసుకొచ్చాడు.

“అది బాదామి తింటే కదా తాపించేది,” అంది అక్కయమ్మ. “వాడు తినలేదే. ఇదేదో పురుగు కుట్టినట్టుండాది. ఊరికే మందు పోస్తే ఇంగేమన్నా అయితే వీణకు ఏం చెప్పేది?”

సీసా మళ్లీ గూట్లోకి పోయింది. అరగంట సేపు ఇద్దరూ పురుగు కోసం వెతికారు. పక్కబట్టలు దులిపారు. చొక్కా విప్పి చూశారు. దద్దుర్ల మీద పసుపు రాశారు. పిల్లవాడు ఊపిరి అందక నోరు తెరిచేసరికి హనుమప్ప బండి తీశాడు.

డాక్టరు మళ్లీ బయటికి వచ్చాడు.

“అరగంట ముందు తెచ్చి ఉంటే వేరేగా ఉండేది. ఇప్పుడు కోలారు దాకా పోవడమే కష్టమమ్మా. వాళ్ల అమ్మానాన్నను త్వరగా రమ్మనండి,” అన్నాడు.

హనుమప్ప బయటికి పోయి శశికుమార్‌కు ఫోను చేసి సంగతి చెప్పాడు.

కాసేపటికి అక్కయమ్మ ఫోను మోగింది. వీణ. ఏడుస్తూ ఒక్కటే అడిగింది.

“నిజం చెప్పు వదినా, నేనేమీ అనను. బాదామి తిన్నాడా?”

అక్కయమ్మ రెండు చేతులతో ఫోను పట్టుకుంది.

“ఒట్టు వీణమ్మా, మన బాదామి చెట్టు మామిడిపండ్లన్నీ నువ్వు పోయిన్నాడే ఊర్లో పంచేసినాను, ఐసుకు వేసింది మల్లిక మామిడి, మెత్తగా రావాలని పిడికెడు బాదంపప్పు నూరి కలిపినాను, అంతే.”