శుభ్రమైన కరెంటు

“అంటే కరెంటుకి స్నానం చేయించి మరీ పాటలోకి పంపిస్తావన్నమాట!” బల్ల మీదున్న నల్లటి ఇనప డబ్బాని వేలితో తట్టి నవ్వాడు బావమరిది.

బావకి ఒళ్లు మండింది. ఆ పవర్ కండిషనర్ ఆయన సొంతంగా తయారుచేసింది. కరెంటులో ఉండే రొదని వడకట్టి ఆంప్లిఫయరుకి అందిస్తుందని ఆయన నమ్మకం. ఇక ఉద్యోగం మానేసి ఇవే చేసి అమ్ముతానని పట్టుబట్టాడు. అక్కకి పాలుపోక, సౌండ్ రికార్డిస్టుగా పేరున్న తమ్ముణ్ని పిలిపించింది.

“రోజంతా చెవుల మీద బతికేవాణ్ని బావా. తేడా ఉంటే నాకు తెలీదా? ఇలాంటి డబ్బాలు పెడితే మారేది పాట కాదు, కొన్నవాడి మనసు.”

“అయితే పరీక్ష పెట్టు. ఓడిపోతే ఉద్యోగం మానే మాట మళ్లీ ఎత్తను. మరి గెలిస్తే?”

“అక్కని ఒప్పించే పూచీ నాది.”

ఆంప్లిఫయరు వైరు పక్కగదిలోకి లాగారు. అక్క లోపల తలుపేసుకుని, నాణెం ఎగరేసి, బొమ్మ పడితే డబ్బాకి, బొరుసు పడితే నేరుగా గోడ ప్లగ్గుకి తగిలించాలి. వీళ్లిద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ప్రతిసారీ పాటలో అదే ముక్క.

బావమరిది కళ్లు మూసుకుని విన్నాడు. “అంతా ఒకటే” అన్నాడు.

“గోడ” అన్నాడు బావ.

“కరెక్టే!” లోపల్నుంచి అక్క.

“ఇది డబ్బా.”

“కరెక్టే.”

బావమరిది ముందుకి వంగాడు, చెవి ఒగ్గాడు, ఊపిరి బిగబట్టాడు. ఎంత విన్నా ఒకటే పాట, ఒకటే గొంతు. బావ మాత్రం తడుముకోకుండా చెప్పుకుపోతున్నాడు. లోపల అక్క గొంతు అంతకంతకీ నీరసపడింది. చివరికి తలుపు తీసుకుని బయటికొచ్చింది.

“ఒక్కటీ తప్పు పోలేదురా” అంది, ఏడుపు ఆపుకుంటూ.

బావమరిది అక్క చెయ్యి పట్టుకున్నాడు. “మాటిచ్చానక్కా. అలాంటి చెవి నేనెక్కడా చూళ్లేదు. ఆయన దారిన ఆయన్ని పోనీ.”

అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. “మీ ఇష్టం” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

బావమరిది కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. “నిజం చెప్పు బావా. నా చెవికి అందనిది నీకెలా అందింది? అసలేం వినబడింది నీకు?”

బావ వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“నాకూ ఏమీ వినబళ్లేదురా. గోడ కరెంటు వచ్చినప్పుడల్లా నీకు తెలీకుండానే మొహం చిట్లిస్తున్నావు.”