చీమలు దిగుతున్నాయి

"కుట్టి చంపుతున్నాయే! ఎక్కడివే ఇన్ని చీమలు?" రేకుల కప్పు మీద కూర్చున్న అత్త మెడ తడుముకుంది.

"గుడ్లు నోట కరుచుకుని గోడెక్కి వచ్చేశాయత్తా. మనలాగే," అంది కోడలు.

చుట్టూ వరద. పడవ తెస్తానని ఈదుకుంటూ వెళ్ళిన అత్త కొడుకు, కోడలి మొగుడు, ఇంకా తిరిగి రాలేదు.

కాసేపటికి చూపు ఆనని అత్తే అడిగింది. "కుట్టడం మానేశాయేం?"

కోడలు కప్పు అటువైపుకి వంగి చూసింది. "దిగిపోతున్నాయత్తా!"

"అయితే నీళ్ళు తీస్తున్నాయే! ఇంకేం, వాడూ వచ్చేస్తాడు."

కోడలు మరి కాస్త వంగింది. చీమలు నేలకి దిగడం లేదు. గుడ్లను మధ్యలో పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని, ముద్దగా నీళ్ళ మీదికి జారి కొట్టుకుపోతున్నాయి. ఎక్కడానికి వాటికి ఇక చోటు లేదు.

"నీళ్ళు తీశాయా లేదా? మాట్లాడవేం?"

"తీశాయత్తా," అంది కోడలు. "గోడ కూడా కనిపిస్తోంది."

"చల్లని మాట చెప్పావు తల్లీ. ఇలా వచ్చి నా పక్కన కూర్చో."

కోడలు పాక్కుంటూ వెళ్ళి కూర్చుంది. అత్త ఆమె తలను భుజానికి ఆనించుకుని నిమరసాగింది.

అప్పుడు చూసింది కోడలు. అత్త పాదాలు రెండూ నీళ్ళలోనే ఉన్నాయి.